కార్డు బాకీ ‘సెటిల్’ చేసుకున్నారా? హోమ్ లోన్‌కు ముందు ఇది చూడండి

ఉద్యోగం పోయిన రోజుల్లో లక్షన్నర కార్డు బాకీకి అరవై వేలు కట్టి బయటపడ్డారనుకుందాం. రికవరీ ఫోన్లు ఆగాయి. మీరూ మర్చిపోయారు. నాలుగేళ్ల తర్వాత ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇచ్చి బ్యాంకుకెళ్తే లోన్ రాదంటారు.

కారణం, మీ క్రెడిట్ రిపోర్టులో ఆ కార్డు ఎదురుగా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని ఉండటమే. అంటే బాకీ పూర్తిగా తీర్చలేదని. స్కోరు మళ్లీ పెరిగినా, ఈ ఒక్క మాట చూసి ఫైలు పక్కన పెట్టే బ్యాంకులున్నాయి.

దారి ఉంది, కాకపోతే ఖర్చుతో కూడినది. అప్పట్లో వదిలేసిన మిగతా సొమ్ము కడతానని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చాలని కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాయండి. ఒప్పుకున్నట్టు ఈమెయిల్ వచ్చాకే కట్టండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి.

తర్వాత రిపోర్టు చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఇంకా పాత మాటే ఉంటే బ్యూరోకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్నది ఆర్బీఐ నిబంధన.

డబ్బిస్తే ఆ మాట చెరిపేస్తామనే ఏజెంట్లను నమ్మొద్దు. నిజమైన ఎంట్రీని మార్చాల్సింది బ్యాంకే. ఫ్లాట్ అడ్వాన్స్ మాత్రం రిపోర్టు మారాకే ఇవ్వండి.