క్రీడాస్థలమున కెమెరా

ఛాయాచిత్రకళ నేర్వ మొదలిడినవాడు ముందుగా తన యింటివారి బొమ్మలు తీయును. పిదప గుడిగోపురమును, చెరువుగట్టున సాయంసంధ్యను తీయును. ఇవి యన్నియు అతడు సిద్ధపడువరకు ఓపికతో నిలిచియుండునవి. ఒకనాడు పాఠశాల క్రీడోత్సవమునకు కెమెరా తీసికొని పోవును. అచ్చట ఎవరును అతనికై నిలువరు. ఇంటికి వచ్చి చూచుకొనునప్పటికి పరుగుపందెమున ఖాళీ దారియు, దూకుడు పందెమున ఇసుకగుంటయు, చెడుగుడులో ఆటగాండ్ర వీపులును మాత్రమే మిగిలియుండును. పెక్కుమంది తమ కెమెరా మంచిది కాదని నిశ్చయించుకొని అంతటితో విరమింతురు. కాని లోపము సాధారణముగా యంత్రమున నుండదు.

కొంచెము లెక్క వేసి చూతము. నూరు మీటర్లు 12 సెకనులలో పరుగెత్తు బాలుడు సెకనునకు ఎనిమిది మీటర్లకు పైగా పోవును. షట్టరు అను కెమెరా తలుపు సెకనులో 60వ వంతు కాలము తెరచియున్నచో ఆ లోపల నతడు సుమారు 14 సెంటీమీటర్లు జరుగును, బొమ్మ అలికినట్లగును. 500వ వంతు మాత్రమే తెరచియున్నచో జరుగునది 17 మిల్లీమీటర్లు. 1000వ వంతైనచో 8 మిల్లీమీటర్లు. కావున పరుగును స్పష్టముగా నిలుపుటకు ఈ కడపటి వేగములు కావలెను. తలుపు అంత స్వల్పకాలము తెరచుకొన్నపుడు లోనికి వచ్చు వెలుతురు తగ్గును. అందుచేత తొలిసారి ప్రయత్నించువారు మంచి యెండలో, సూర్యుడు తమ వీపు వైపున నుండునట్లు నిలుచుండుట మేలు.

అయినను లెక్క ఇంతటితో తీరలేదు. కన్ను చూచి, మనస్సు గ్రహించి, వ్రేలు మీట నొక్కుటకు సుమారు సెకనులో అయిదవ వంతు పట్టును. ఆ లోపల మన బాలుడు ఒకటిన్నర మీటరు దాటిపోవును. చూచిన పిదప నొక్కువానికి తాను చూచినది చిక్కదు. నేటి కెమెరాలు, ఫోనులు సెకనునకు పదేసి బొమ్మలు వరుసగా తీయగలవు గదా అందురేమో! ఆ పదింటిలో ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ పరుగెత్తువాడు 80 సెంటీమీటర్లకు పైగా సాగిపోవును. రొమ్ము గీతను తాకు క్షణము ఆ సందున జారిపోవచ్చును. కనుక జరుగబోవుదానిని ముందే ఊహింపవలెను. ఆ యూహ ఆటను ఎరిగినవానికే కలుగును.

ఎత్తు దూకువాడు అడ్డుకర్ర పైకి చేరినపుడు లేచుట ముగిసి దిగుట ఇంకను మొదలుకాని లిప్తపాటు ఒకటి కలదు. కర్ర ఎచ్చట నున్నదో మనకు ముందే తెలియును. దృష్టిని దానిపై కుదుర్చుకొని వేచియుండిన చాలును. చెడుగుడులో కూతకు పోయినవాని ముఖము కావలెనన్న ఎదిరిపక్షము వెనుకగీతకు అవతల కూర్చుండవలెను. అతడు పట్టు విడిపించుకొని నడిగీతకై చేయి చాచు క్షణము కావలెనన్న ఆ గీత కొనకు ఎదురుగా నుండవలెను. కూతకు గడువు 30 సెకనులే. మనసులో లెక్కపెట్టుకొనువానికి అతడు మరలు సమయము ముందే స్ఫురించును. నిలుచుండి తీయుటకంటె మోకాళ్లపై వంగి తీసినచో ఆటగాడు నేలనుండి ఎగసినట్లు కానవచ్చును.

ఇది సాహిత్యవిద్యార్థులకు క్రొత్త సంగతి కాదు. ఉన్నదానిని ఉన్నట్లు, దాని చేష్టతో సహా కనులకు కట్టించుటను మన ఆలంకారికులు స్వభావోక్తి అనిరి. శాకుంతల ప్రథమాంకమున రథమునకు వెఱచి, మెడ త్రిప్పి చూచుచు పారిపోవు లేడి దానికి ప్రసిద్ధోదాహరణము. ఆ లేడి నేలమీదకంటె ఆకసముననే ఎక్కువగా పోవుచున్నట్లు రాజునకు తోచినది. పరుగెత్తు గుఱ్ఱము నాలుగు కాళ్లును ఒక్కమారే నేలను విడుచునా యను సందేహము పాశ్చాత్యులకును కలిగెను. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జి యను ఛాయాచిత్రకారుడు దారి ప్రక్కన 12 కెమెరాలను వరుసగా నిలిపి దానిని తీర్చెను. కాళ్లు విడుచుట నిజమే. కాని చిత్రకారులు గీయుచు వచ్చినట్లు ముందునకు వెనుకకు చాచినపుడు కాదు, కడుపు క్రిందికి ముడుచుకొన్నపుడు!

తీర్పు చెప్పు కెమెరాయు కలదు. గెలుపుగీతనే సన్నని చీలిక గుండ చూచుచు, దానిని ఎవరెప్పుడు దాటిరో నమోదు చేయును. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో 400 మీటర్ల హర్డిల్సు పరుగున మూడవ స్థానము రుమేనియా క్రీడాకారిణికి దక్కెను. ఆమె కాలము 55.41 సెకనులు, మన పి.టి. ఉష కాలము 55.42. సెకనులో నూరవ వంతున పతకము పోయెను. ఎవరు ముందో ఆ యంత్రము చెప్పగలదు. నాలుగవ స్థానమున నిలిచినవారి ముఖమును చూపవలసినది మనిషియే.

మా కళాశాల క్రీడలలో ఒక విద్యార్థి తొలిసారి ఈ పనికి పూనుకొనెను. 400 మీటర్ల పరుగున మలుపు వద్ద ఒక బాలిక కాలు తడబడి పడినది. ఆ బొమ్మ అతనికి అద్భుతముగా కుదిరెను: లేచిన ధూళి, చాచిన చేతులు, అన్నియు స్పష్టము. మరునాడు గోడపత్రికకు అంటింపబోవుచు మర్యాదకై ఆ బాలికను పిలిచి చూపెను. ఆమె కోపపడలేదు. “బాగుంది అన్నా. నేను లేచి మళ్లీ పరుగెత్తిన బొమ్మ తీయలేదా?” అని మాత్రము అడిగినది. అతడు తీయలేదు. ఆమె లేచి కడవరకు పరుగెత్తుచుండగా అతడు తల వంచి, తాను తీసిన పడిపోయిన బొమ్మనే తెరపై చూచుకొనుచుండెను. ఆ బొమ్మ గోడ ఎక్కలేదు.

నేడు ఫోనునుండి ఒక బొమ్మ గడియలోపల వందలమందికి చేరును. పడినవారి బొమ్మ పంచుటకు ముందు వారిని అడుగుట కనీస ధర్మము. పందెము ముగియువరకు తెర వంక చూడకుండుట అభ్యాసమునకును మంచిది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మన పాఠశాలల గోడలపై అతిథులు బహుమతు లిచ్చు బొమ్మలే ఎక్కువ. ఆట కానవచ్చునవి అరుదు. రాబోవు క్రీడోత్సవమున బహుమతుల బొమ్మలు ఎవరైనను తీయుదురు. ఆసక్తిగల విద్యార్థి నొకనిని పిలిచి, ప్రతి పందెమునను కడపట వచ్చువారు గీత దాటువరకు కెమెరా దింపవద్దని చెప్పి పంపుడు.