సైన్యము వీడి సేద్యమునకు వచ్చువారు

ఇతర ఉద్యోగులు విశ్రాంతికై కొలువు మానుదురు. జవాను మఱియొక జీవనము నారంభించుటకై కొలువు మానును. సాధారణముగా ఇరువది యేండ్ల ప్రాయమున సైన్యమున జేరినవాడు, కనీసము 15 సంవత్సరముల సేవ ముగించినచో పింఛనునకు అర్హుడగును. కావున పెక్కుమంది 35, 40 ఏండ్ల నడుమనే గ్రామమునకు తిరిగివత్తురు. అప్పటికి పిల్లల చదువులును, వివాహములును ముందే యుండును. ఖమ్మము మైదానమునను, గోదావరి కావలి భద్రాచల మన్యపు సరిహద్దునను అట్టివారికి కానవచ్చు రెండవ జీవనము చాలవఱకు వ్యవసాయమే. కావున ఈ విషయము సైనికులకే గాక సంఘ సభ్యుల కందఱికిని సంబంధించినది.

పూర్వానుభవము

ఇది క్రొత్త సమస్య కాదు. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగియగా, మదరాసు ప్రభుత్వము మాజీ సైనికుల జీవనోపాధికై మోటారు రవాణా సహకార సంఘములను, భూవసతి పథకములను నెలకొల్పెను. భద్రాచలము నాడు ఆ రాష్ట్రములోని తాలూకా. 1959లోగాని ఖమ్మము జిల్లాలో కలియలేదు. నది కీవల నిజాము రాజ్యమున, 1948 సెప్టెంబరు పిమ్మట ఆ ప్రభువు సైన్యము చెదరిపోగా అనేకులు బ్రతుకుతెరువు గోల్పోయిరి. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము ప్రపంచ యుద్ధములనాటినుండి తరతరములుగా సైనికుల నిచ్చి ‘మిలిటరీ మాధవరము’ అను పేరు గడించెను. తుపాకి దించినవాడు నాగలి పట్టవలసివచ్చుట మన తెలుగుదేశమున ఎన్నడును గలదే. అయితే తిరిగివచ్చినవాని చేతి సొమ్మును, వాడు కొనదలచు భూమిని గూర్చి సరియైన తెలివిడి గ్రామములలో నేటికిని చాలదు.

ఆ మొత్తము ఎక్కడిది?

జవాను ఇల్లు చేరిన నెలలోనే ‘లక్షలు వచ్చినవట’ యను మాట ఊరంతయు ప్రాకును. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు అతని సేవకు, పొదుపునకు ఫలములు. కాని ఆ మొత్తములో పెద్ద భాగము కమ్యుటేషను వలన వచ్చునది. అనగా పింఛనులో కొంత ముందుగా అమ్ముకొనుట. సైనికులు సగము వఱకు ఇట్లు మార్చుకొనవచ్చును.

లెక్క చూపెదము. ఒకని మూలపు పింఛను నెలకు 20,000 రూపాయలనుకొందము. అందు సగము, అనగా 10,000, అతడు మార్చుకొనెను. నలుబది యేండ్ల వయస్సువానికి సుమారు తొమ్మిదేండ్ల సొమ్ము ఒక్కమాఱుగా లభించును. అది 10,80,000 రూపాయలు. తఱిగిన సగము 15 ఏండ్లు నిండిన పిమ్మటనే తిరిగి చేరును. ఆ 15 ఏండ్లలో అతడు వదలుకొనునది 18,00,000 రూపాయలు. కరువుభత్యము మాత్రము పూర్తి పింఛనుపైననే లెక్కింపబడును. కావున ఆ మొత్తము బహుమానము కాదు; ఇంటివారు మున్ముందు తినవలసిన గింజలే యొక్కసారి కొలిచి యిచ్చినట్లు. ‘అన్నా, నీకేమి, సర్కారు సొమ్ము వచ్చినది గదా, కొంచెము సర్దుము’ అని బావమఱదులు, పినతండ్రి కొడుకులు అడిగినప్పుడు, వారు అడుగుచున్నది ఆ ఇంటి పిల్లల రాబోవు గ్రాసమని ఉభయులును ఎఱుగవలెను.

భూమి కొనుటకు ముందు

మన సరిహద్దున మాజీ సైనికులకు గలుగు పెద్ద నష్టము ఇందే యున్నది. మైదానపు ధరలు భరింపలేక, మన్యమున భూమి చవుకయని విని, సాదాబైనామా వ్రాయించుకొని సొమ్ము చెల్లించువారు గలరు. ఆ చవుకకు కారణము గలదు. గోదావరి ఏజెన్సీలో గిరిజనుల భూమి పరులపాలు గాకుండ 1917లోనే చట్టము వచ్చెను. తరువాత 1959లో 1వ రెగ్యులేషను వచ్చి, 1963లో తెలంగాణమునకు వ్యాపించెను. 1970లో దానిని మఱింత బిగించి, షెడ్యూల్డు ప్రాంతమున స్థిరాస్తి ఎవరినుండియైనను గిరిజనేతరునకు సంక్రమింపరాదని శాసించిరి. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానము కూడ చెల్లవు. ప్రభుత్వ భూమికిని ఈ నిషేధము వర్తించునని 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. కావున గిరిజనేతరుడైన మాజీ సైనికుడు, ‘దేశసేవ చేసితిని, ప్రభుత్వము భూమి యిచ్చును’ అని ఏజెన్సీలో ఆశపడుట వ్యర్థము.

భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల మండలములు ఈ ప్రాంతములోనివే. పాల్వంచ, ఇల్లెందు, అశ్వారావుపేట వైపుల పెక్కు గ్రామములును ఇందే చేరినవి. మధిర వైపు మైదానమున ఈ నిషేధము లేదు. గ్రామము ఏ వైపునకు చెందునో తహసీలుదారు కార్యాలయమున విచారింపక బయానా ఇయ్యరాదు. చట్టవిరుద్ధముగా కొన్నచో ఆ బదలాయింపు చెల్లదు. అధికారులు విచారించి భూమిని గిరిజనునకు తిరిగి యిప్పింతురు. సొమ్ము పోవును, సేద్యము పోవును, ఊరితో వైరము మిగులును. కోయ రైతు పేర వ్రాయించి తాము దున్నుకొందుమను తెలివియు అక్కఱకు రాదు.

ఈ చట్టమును నిందింపదగదు. అప్పుపత్రములకు, ఉప్పు బట్టల బాకీలకు భూములు గోల్పోయిన కోయ కుటుంబములను కాపాడుటకే ఇది పుట్టెను. మన సంఘములలో కోయ సోదరులు సభ్యులుగా నున్నారు. వారి ఇండ్లనుండియు యువకులు సైన్యమునకు పోవుచున్నారు. గిరిజన జవాను తోటి గిరిజనునినుండి భూమి కొనుటకు ఈ నిషేధము లేదు.

ఏ పైరు పెట్టవలెను?

సొమ్ము చేతనుండుటచే మొదటి సంవత్సరమే మిరపపై బడువారు కలరు. మిరప మన జిల్లాకు పేరు తెచ్చిన పైరే. కాని పెట్టుబడి ఎక్కువ, నమ్మకము తక్కువ. 2021-22లో నల్ల తామరపురుగు పడి నిలువు తోటలు మాడిపోయినవి. పదునైదేండ్లు పొలమునకు దూరమైనవాడు తొలి యేడు ఉన్నదంతయు మిరపలో పోయుట వివేకము కాదు.

పింఛను గల రైతునకు, ఇతరులకు లేని బలమొకటి గలదు. అతడు వేచియుండగలడు. నీటివసతి నిక్కముగా నున్నచో ఆయిలుపాము అట్టివానికి తగినది. ఎకరమునకు 57 మొక్కలు నాటుదురు. నాలుగవ యేటనుండి గెలలు దిగును. తొలి మూడేండ్లు అంతరపంటలు వేయవచ్చును. కోసిన గెలలు 24 గంటలలో మిల్లు చేరవలెను. అశ్వారావుపేట, అప్పారావుపేటలలో ఆయిల్ ఫెడ్ మిల్లులుండుట ఈ వైపువారికి సౌకర్యము. ఇల్లు పింఛనుతో గడుచును. తోట తన కాలమున తాను ఎదుగును.

ఇంటిలోని మార్పు

ఇన్నేండ్లు ఇల్లు నడిపినది భార్య. పొలము దున్నినది తమ్ముడో, ముసలి తండ్రియో. ఏ మడికి నీరు ఎప్పుడు వచ్చునో, ఏ కూలీ మాట నిలుపుకొనునో వారెఱుగుదురు. వచ్చినవాడు మొదటి దినముననే ఆజ్ఞలు జారీచేసినచో ఇల్లు బారకాసు కానేరదు. వానకును, ఎద్దునకును హుకుము తెలియదు. మొదటి యేడు తమ్మునితోపాటు పొలమున దిగి నేర్చుకొనుట చిన్నతనము కాదు. అట్లే ఇంటివారును, ఉదయము నాలుగింటికి మేల్కాంచి పనిలేక వాకిట తిరుగు మనిషిని ఎగతాళి చేయరాదు. తోడివారిని, హోదాను, దినచర్యను ఒక్కనాట వదలివచ్చినవాని మనస్సు కుదుటబడుటకు కాలము పట్టును. ఆ శూన్యమును సీసాతో నింపక పనితో నింపునట్లు చూచుట బంధువుల ధర్మము. పింఛను ఖాతా భార్యతో ఉమ్మడిగా నుండవలెను. కుటుంబ పింఛనునకై ఆమె పేరు, పుట్టినతేది కాగితములలో సరిగా నున్నవో లేవో చూచుకొనవలెను.

సంఘము చేయదగినది

2022లో అగ్నిపథము వచ్చినది. ఆ పద్ధతిని చేరినవారిలో నాలుగవ వంతునకు మించి సైన్యమున నిలువరు. తక్కినవారు నాలుగేండ్లకే సుమారు 11,71,000 రూపాయల సేవానిధితో తిరిగివత్తురు. వారికి పింఛను లేదు. వేచియుండు బలము లేని ఆ పడుచువారికి మన సలహా మఱింత అవసరము.

కావున ప్రతి సంఘమును మూడు పనులు చేయవలెనని మేము కోరుచున్నాము. తిరిగివచ్చినవానిని ఆ ఋతువులోనే సభ్యునిగా జేర్చుకొనవలెను. అతడు భూమికి బయానా ఇచ్చుటకు ముందు కాగితములు చూచి, షెడ్యూల్డు ప్రాంతపు నియమములు చెప్పవలెను. మూడవది, అతని విద్యను వాడుకొనవలెను. సైన్యమున స్టోరు లెక్కలు వ్రాసినవాడు ఎరువుల గోదామునకు, మోటారులు బాగుచేసినవాడు అద్దె ట్రాక్టరులకు ఎంతయో అక్కఱకు వచ్చును. ఊరు అతనికి పూలదండ వేసి పంపివేయుట చాలదు; సంఘపు పనిలో పాలు ఇయ్యవలెను. మొత్తపు సొమ్ము ఒక సంవత్సరమైనను కదలక నిలిచెనా, అతని సేద్యమును నిలుచును.