వేళ్ళకు నీరు, ఆకులకు గాలి

“అక్వేరియం అడుగున గులకరాళ్ళలో లక్కీ బాంబూ నాటాం. నీళ్ళలో పెరిగే మొక్కే కదా అనుకున్నాం. నెల తిరిగేసరికి మునిగిన ఆకులన్నీ పసుపుబారి మెత్తబడ్డాయి. వేళ్ళు మాత్రం ఎర్రగా, ఏపుగా ఉన్నాయి. ఎందుకు?” అని విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు అడిగారు. సగం జవాబు ఆమె చెప్పిన వేళ్ళ సంగతిలోనే ఉంది. నీళ్ళు చెడిపోయి ఉంటే ముందు వేళ్ళే కుళ్ళేవి. ఒకే తొట్టిలో వేళ్ళు బాగుండి ఆకులు చస్తున్నాయంటే, లోపం నీటిది కాదు, ఆకు నీటిలో మునిగి ఉండటమే. అసలు ఇది వెదురే కాదు. వెదురు గడ్డి కుటుంబానిది. ఇది డ్రసీనా, మధ్య ఆఫ్రికా అడవుల్లో చెట్ల నీడన పెరిగే నేలమొక్క.

ఆకుకు ఆహారం గాలి నుంచే మొదలవుతుంది. పత్రరంధ్రాల గుండా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తోనే అది చక్కెర వండుకుంటుంది. వాయువుల అణువులు నీటిలో వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. మునిగిన ఆకును అంటిపెట్టుకుని కదలని నీటిపొర ఒకటి ఉంటుంది. ఆ పొర అర మిల్లీమీటరు మందం ఉన్నా చాలు, దాన్ని దాటడం ఐదు మీటర్ల కదలని గాలిని దాటినంత కష్టం. పైగా ఎండిపోకుండా ఆకు కప్పుకున్న మైనపు పొర ఇక్కడ మరో అడ్డుగోడ. రాత్రయితే ఆక్సిజన్‌కూ ఇదే కరువు. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములుంటే, 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో 7.5 మిల్లీగ్రాములకు మించి కరగదు. పగలంతా పస్తు, రాత్రంతా ఉక్కిరిబిక్కిరి. దాచుకున్న చక్కెర నిండుకోగానే ఆకు పసుపెక్కుతుంది, ఆపైన సూక్ష్మజీవుల పాలవుతుంది. వేళ్ళ సంగతి వేరు. వాటికి కార్బన్ డయాక్సైడ్‌తో పనిలేదు. కావలసిన కాస్త ఆక్సిజన్‌నూ ఎయిర్ పంపు కదిలించే నీరే తెచ్చిపెడుతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. 1779లో డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ నేలమొక్కల ఆకుల్ని నీటిలో ముంచి ఎండలో ఉంచితే ఆక్సిజన్ బుడగలు లేచాయి కదా? లేచాయి. కానీ 1782లో జెనీవాకు చెందిన జాన్ సెనెబియే ఒక మెలిక పెట్టాడు: నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ లేకపోతే బుడగలూ లేవు. ఇంగెన్‌హౌజ్ దీన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. అంత గొప్ప ప్రయోగం చేసినవాడే ఆకు ఏం తింటోందన్న దగ్గర పొరబడ్డాడు. కొన్ని గంటలపాటు లేచే బుడగలు ఆకు పనిచేయగలదని చూపిస్తాయే తప్ప, నెలల తరబడి అక్కడే బతకగలదని కాదు.

మరి హైడ్రిల్లా నీటిలోనే బతుకుతుంది కదా అనవచ్చు. దాని ఆకు రెండు కణాల మందమే. పత్రరంధ్రాలు లేవు, మైనమూ నామమాత్రమే. నీటి కోసమే తయారైన ఆకు అది. నీటిలో నిలబడటం వేరు, మునగడం వేరు అని తెలియాలంటే మన వరిచేను చూడాలి. 1982లో మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ వరి మోకాలిలోతు నీళ్ళలో నిక్షేపంగా ఉంటుంది. అదే వరదలో నిలువునా మునిగితే వారం గడవడం కష్టం. ముంపును ఓర్చుకునే జన్యువును దానిలోకి తెచ్చాక పుట్టిన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా తట్టుకుంటుంది. అదీ హాయిగా పెరిగి కాదు, ఎదుగుదల ఆపేసి, ఉన్న చక్కెరను పొదుపుగా వాడుకుని. నీళ్ళలోనే పుట్టిపెరిగే వరి గతే ఇలా ఉంటే, అడవి నీడన పెరిగే డ్రసీనా మునిగి ఎలా బతుకుతుంది?

ఇక చేయవలసింది కొంచెమే. వేళ్ళూ కాడ అడుగుభాగమూ నీటిలో, ఆకులన్నీ నీటిమట్టానికి పైన ఉండేలా తొట్టి అంచున నిలపాలి. నేరుగా ఎండ తగలకూడదు. చేపల వ్యర్థాల్లోని నత్రజనే దానికి ఎరువు, వేరే వేయనక్కరలేదు. అయితే ఇది నెమ్మదిగా పెరిగే మొక్క, ఆ నత్రజనినంతా లాగేయలేదు. నీళ్ళు మార్చడం మానితే నష్టపోయేది చేపలే. మెత్తబడిన కాడను వెంటనే తీసేయాలి, లేకపోతే కుళ్ళుతూ చేపల ఆక్సిజన్‌నే తినేస్తుంది. అన్నిటికంటే ముందు, దీన్ని నీటిమొక్క అని చెప్పి అమ్మడం ఆగాలి. ఆ ఒక్క మాటే దీన్ని ముంచుతోంది.