ఆదోని కోట: 11 వరుసల గోడలు ఏమయ్యాయి? కొండెక్కితే తెలిసే కథ ఇదే..

కర్నూలు జిల్లా ఆదోని అనగానే పత్తి మార్కెట్, బట్టల వ్యాపారం, పొద్దున్నే వేడివేడి ఉగ్గాని బజ్జీ గుర్తొస్తాయి. కానీ ఊరిని ఆనుకుని ఉన్న ఆ బండరాళ్ల కొండల వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఒక్క పూట తీరిక చేసుకుని పైకి నడిస్తే, ఒకప్పుడు దక్షిణాదిలో పేరుమోసిన దుర్గం ఆనవాళ్లు అడుగడుగునా కనిపిస్తాయి.

కొండలే కోట

ఆదోని కోట అంటే ఒకచోట కట్టిన భవనం కాదు. వలయంలా నిలిచిన ఐదు కొండలు, వాటిని కలుపుతూ కట్టిన గోడలు.. అన్నీ కలిస్తేనే కోట. వీటిలో ఎత్తైనవి బారాఖిల్లా, తాలిబండ. చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 800 అడుగుల ఎత్తులో ఉంటాయి.

ఎంత గట్టి కోటకైనా నీళ్లు లేకపోతే ముట్టడిలో పది రోజులు కూడా నిలవడం కష్టం. ఆదోని బలం అక్కడే ఉంది. కొండ మధ్యలో ఎప్పుడూ ఎండని మంచినీటి చెరువు ఉందని బ్రిటిష్ కాలపు గెజిటీర్‌లో రాశారు. బారాఖిల్లా పైన పాత మందుగుండు కొట్టు, ఒక వింత రాతి ఫిరంగి ఉన్నాయని కూడా అందులో ఉంది. విజయనగర రాజులు ఆపద వస్తే తలదాచుకునే చోటుగా దీన్ని చూసుకున్నారు. ఒక్కో రాజు కొంత కొంత కలుపుతూ పోగా, ఒకదాని వెనుక ఒకటిగా 11 గోడలు లేచాయని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు.

చేతులు మారిందిలా..

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం బలహీనపడింది. మూడేళ్లకే, అంటే 1568లో ఆదోని బీజాపూర్ సుల్తానుల వశమైంది. వారి తరఫున అబిసీనియా నుంచి వచ్చిన మలిక్ రహమాన్ ఖాన్ 39 ఏళ్లు ఇక్కడ పాలించాడు. తాలిబండ మీద ఉన్న సమాధి ఆయనదే.

ఆ తర్వాత వచ్చిన సిద్ది మసూద్ ఖాన్ పట్టణంలో జామియా మసీదు కట్టించాడు. ఔరంగజేబు సైన్యం కోటను చుట్టుముట్టినప్పుడు ఫిరంగులను ఆ మసీదు వైపు తిప్పారట. అది కూలిపోవడం చూడలేక మసూద్ ఖాన్ లొంగిపోయాడని ఇక్కడ చెప్పుకునే కథ. మంత్రాలయం రాఘవేంద్ర స్వామికి మంచాల గ్రామాన్ని ఇచ్చింది కూడా ఈయనేనని మఠ సంప్రదాయం చెబుతుంది.

తర్వాత ఆదోని నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరైంది. హైదర్ అలీ రెండుసార్లు దండెత్తినా కోట దక్కలేదు. 1786లో ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ వచ్చి దాదాపు నెల రోజులు ముట్టడించాడు. లోపల బసాలత్ జంగ్ కుటుంబం ఉంది. వారిని కాపాడేందుకు నిజాం, మరాఠా సేనలు వచ్చాయి. అయితే వానాకాలం మొదలైంది. తుంగభద్ర పొంగితే తిరిగి వెళ్లే దారి ఉండదు. దీంతో కుటుంబాన్ని తీసుకుని నది దాటేశారు. అలా ఖాళీ కోట టిప్పు చేతికొచ్చింది.

మరి కూల్చిందెవరు?

ఇక్కడే అసలు విషయం ఉంది. కోటను గెలిచిన టిప్పు, దాన్ని అలాగే ఉంచలేదు. బురుజులు, గోడలు పడగొట్టించి, ఫిరంగులను గుత్తికి తరలించాడు. అంటే ఇప్పుడు మనం చూసే శిథిలాలన్నీ ఎండావానలకు పాడైనవి కావు. మళ్లీ శత్రువుకు చిక్కినా పనికిరాకుండా చేసిన కోట ఇది. 1800లో దత్త మండలాలతో పాటు ఆదోని ఆంగ్లేయులకు వెళ్లింది. చాలాకాలం బళ్లారి జిల్లాలో ఉండి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలో కలిసింది.

ఈ సంగతి తెలిసి నడిస్తే చూపు మారుతుంది. విరిగిన గోడ కనిపిస్తే అది ఎటు వైపు కాపలా కాసేదో గమనించండి. ఎక్కడ బండ ఆగిందో, ఎక్కడ మనిషి పేర్చిన రాయి మొదలైందో చూడండి. నీళ్లు నిలిచే చోటు కనిపిస్తే, కోట ప్రాణం అక్కడే ఉండేదని గుర్తుంచుకోండి.

వెళ్లేవారు ఇవి మరిచిపోవద్దు

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన సమయం. వేసవిలో బండలు పొద్దున్నే వేడెక్కిపోతాయి. తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. పట్టున్న బూట్లు, సరిపడా నీళ్లు తప్పనిసరి. వానపడితే నున్నటి బండలు జారతాయి, ఆ రోజు వద్దు. ఒంటరిగా కాకుండా దారి తెలిసిన స్థానికులను తోడు తీసుకెళ్లడం మంచిది. చెరువుల్లోకి దిగొద్దు.

ముంబై - చెన్నై రైలు మార్గంలో గుంతకల్లు, రాయచూరు మధ్య ఆదోని స్టేషన్ ఉంది. చేనేతకు పేరున్న ఎమ్మిగనూరు నుంచి అయితే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. కొండ దిగాక జామియా మసీదు, మరో కొండ మీదున్న రణమండల ఆంజనేయస్వామి గుడి చూడొచ్చు. ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం వెళ్తే మసూద్ ఖాన్ కథ కూడా పూర్తవుతుంది.

ఒక్క మాట. గోడల మీద పేర్లు చెక్కడం, రాళ్లు కదపడం, సీసాలు పగలగొట్టడం లాంటివి చేయొద్దు. టిప్పు సైన్యం వదిలేసిన ఆ కాసిన్ని గోడలే ఇప్పుడు ఆదోనికి మిగిలిన కోట.