చలికాలపు గదిలో హయసింతు పూలు

హయసింతు అనగానే మన చెరువులను కమ్ముకొను గుర్రపుడెక్క కొందరికి జ్ఞప్తికి రావచ్చును. ఆంగ్లమున దానిని ‘వాటర్ హయసింత్’ అందురు. పేరునందు తప్ప ఈ రెంటికిని చుట్టరికము లేదు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నీటిమొక్క. మనము చెప్పుకొనబోవు హయసింతు టర్కీ, సిరియా, లెబనాన్ ప్రాంతములలో పుట్టి, పదునారవ శతాబ్దమున ఐరోపా తోటలకు చేరినది. హాలెండులోని హార్లెమ్ పరిసరముల ఇసుకనేలలు దానికి రెండవ పుట్టినిల్లు.

దీని దుంప ఉల్లిపాయను పోలియుండును. ఆరుబయట ఇది వసంతమున పూచును. కాని ఐరోపాలో, వెలుపల మంచు కురియుచుండగనే, ఇంటిలోపల దీనిని పూయించు అలవాటు కలదు. అందులకు ప్రత్యేకమైన గాజుపాత్రలున్నవి. వాని మెడ సన్నము. మూతి దొన్నెవలె విచ్చుకొని యుండును. దుంపను ఆ మూతిలో కూర్చుండబెట్టి, దాని అడుగునకు కొంచెము దిగువ వరకు నీరు పోయుదురు. నీరు దుంపను తాకినచో క్రుళ్ళును. వేళ్లు తేమను వెదకికొని తామే దిగును.

మన్ను లేదు, ఎరువు లేదు. మరి పువ్వు ఎక్కడినుండి వచ్చును? వేసవిలో దుంపలను త్రవ్వితీసి గిడ్డంగులలో వెచ్చగా ఉంచిన దినములలోనే, పొరల నడుమ రాబోవు పూగుత్తి సూక్ష్మరూపమున ఏర్పడియుండును. దానికి వలసిన ఆహారమును ఆ పొరలలోనే నిలువయుండును. ఇక మిగిలినది మేలుకొలుపుట యొక్కటే.

వెచ్చదనము తగిలిన మేలుకొనునని తోచును గాని, ముందు కావలసినది చలి. 5 నుండి 9 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో, చీకటిలో, సుమారు 10 వారములు పాత్రను ఉంచవలెను. కాడ సాగుటకు తగిన మార్పులు ఆ కాలముననే జరుగును. ఓర్పు చాలక ముందుగా వెలుతురునకు తెచ్చినచో కాడ ఎదుగదు. పూగుత్తి ఆకుల మధ్య ఇరుకున చిక్కి, అక్కడనే విచ్చుకొని వాడిపోవును. చూచుటకు జాలి గొలుపు దృశ్యమది! మొలక రెండంగుళములు పెరిగిన పిమ్మట పాత్రను చల్లని మసక వెలుతురునకును, కొన్ని దినములకు కిటికీ చెంతకును మార్చవలెను.

క్రిస్మసునాటికి పూలు కోరువారి కొరకు, ముందుగా త్రవ్వితీసి వేడిగదులలో పదనుచేసిన దుంపలను అమ్ముదురు. సెప్టెంబరులో పెట్టినచో ఇవి డిసెంబరు చివరకు పూచును. వీనికి వెల హెచ్చు. జనవరి దాటువరకు వేచియుండగలవారికి మామూలు దుంపలే చాలును.

మన మైదానపు చలి దీనికి చాలదు. దుంపలు తెప్పించుకొన్నవారు ఆ వారములు వానిని రిఫ్రిజిరేటరులో ఉంచవచ్చును. ప్రక్కన ఆపిలు పండ్లు మాత్రము ఉండరాదు. పండ్లనుండి వెలువడు ఎథిలీన్ వాయువు లోపలి మొగ్గను చెరచును. సంచిపై పేరు వ్రాసియుంచుట మరువరాదు. ఇది ఉల్లిపాయ యనుకొని వంటలో వేసినచో ప్రమాదము, ఏలయన దుంప విషపూరితము. వట్టి చేతులతో తాకినచో కొందరికి దురద పుట్టును.

నీటిపై పూచిన దుంప మిక్కిలి నీరసించును. దానిని మరల పాత్రలో పెట్టి ప్రయోజనము లేదు. ఐరోపాలో దానిని తోటలో నాటి వదలుదురు; ఒకటి రెండేండ్లకు అది అచ్చట చిన్న గుత్తులు పూయవచ్చును.