బూర నేర్వడానికి నెలకు రెండు వేలా?

శంషాబాద్‌లో ఒక ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెదుక్కుంటున్నారు. ఒక తల్లి క్వాయర్ మాస్టారిని ఆపి అడిగింది: "నెలకు రెండు వేలంట సార్. బూర ఊదనీకి గంత పెట్టాల్నా?"

ఆమె భర్త విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. కొడుక్కి పన్నెండేళ్లు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ట్రంపెట్ విన్నప్పటి నుంచి వాడికి అదే ధ్యాస. మాస్టారు వెంటనే జవాబు చెప్పలేకపోయారు. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. తొండుపల్లి, సాతంరాయి, గగన్‌పహాడ్, ఉందానగర్ చుట్టుపక్కల షిఫ్టు జీతాల మీద బతికే ఎన్నో ఇళ్లలో ఇలాంటి లెక్కే నడుస్తుంది. అందుకే దీన్ని నిదానంగా విప్పి చూద్దాం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. కీబోర్డు క్లాసుకు రెండు వేలంటే ఎవరూ ఇలా అడగరు. శంషాబాద్ నుంచి ఆరాంఘర్ వెళ్లే దారి పొడవునా ఫంక్షన్ హాళ్లే. ముహూర్తాల రోజుల్లో బరాత్ ముందు ఎర్రకోట్లు వేసుకుని ట్రంపెట్ ఊదేవాళ్లను మనం రోజూ చూస్తాం. వాళ్ల పాటకు ఎగురుతాం గానీ వాళ్ల పేరు అడగం. డప్పు కొట్టిన చేతులను, బూర ఊదిన నోళ్లను ఊరు ఎలా చూసిందో మన సంఘాల్లో చాలా కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. "మా పిల్లాడు బ్యాండు మేళంలోకి పోవాలా" అన్న భయం ఆ తల్లి ప్రశ్న వెనక ఉంది. ఆ భయానికి కారణం ట్రంపెట్ కాదు, మనం మనుషులను తూచిన తూకం.

ఆ డబ్బు దేనికి?

కీబోర్డు మీద ఎవరు కీ నొక్కినా ఆ స్వరం పలుకుతుంది. ట్రంపెట్ అలా కాదు. అది చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టం. సాగదీస్తే దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. దానికి మూడు వాల్వులు. రెండోది నొక్కితే స్వరం అరమెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు. ఈ మూడు వేళ్లతో కుదిరే కలయికలు ఎనిమిదే. మిగిలిన పనంతా పెదవులు, ఊపిరి, చెవి చెయ్యాలి. ఏ వాల్వూ నొక్కకుండానే పెదవుల బిగువు మార్చి నాలుగైదు స్వరాలు పలికించవచ్చు. కాబట్టి ఏది పలికించాలో ముందు చెవికి తెలియాలి.

పిల్లలు సాధారణంగా చేసే తప్పు ఒకటుంది. పై స్వరం అందకపోతే మౌత్‌పీస్‌ను పెదవులకు గట్టిగా అదుముతారు. అప్పటికి స్వరం పలుకుతుంది. కానీ పెదవిలో రక్తం ఆడక పది నిమిషాల్లోనే మొద్దుబారుతుంది. ఆర్నెల్లు అలా అలవాటైతే దాన్ని మాన్పించడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. బుగ్గలు ఉబ్బించడం, పెదవి మూలల నుంచి గాలి జారిపోవడం, భుజాలు ఎగరేసి ఊపిరి పీల్చడం కూడా అలాంటి అలవాట్లే. యూట్యూబ్ వీడియోలో మంచి వాద్యకారుడు వాయించి చూపిస్తాడు. మన పిల్లవాడు వాయించేది మాత్రం ఆయన వినలేడు. పక్కన కూర్చున్న గురువు వింటాడు, "ఆపు, మళ్లీ ఊపిరి తీసుకో" అంటాడు. ఆ మాట కోసమే ఫీజు.

చర్చిలో వాయించడానికి మరో చిక్కు ఉంది. మామూలు ట్రంపెట్ బి-ఫ్లాట్ వాయిద్యం. దాని మీద 'సి' వాయిస్తే కీబోర్డు లెక్కలో 'బి-ఫ్లాట్' వినిపిస్తుంది. కాబట్టి క్వాయర్ డి స్కేలులో పాడుతుంటే ట్రంపెట్ ఇ స్కేలులో వాయించాలి. కీబోర్డుకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, ట్రంపెట్‌కు ఆ మార్పు వాయించేవాడి బుర్రలో జరగాలి. ఈ సంగతి చెప్పేవాళ్లు లేకే మన యువకులు కొందరు క్రిస్మస్ రిహార్సల్‌లో "నాకు శ్రుతి కుదరడం లేదు" అని పక్కకు తప్పుకుంటారు. తప్పు వాళ్ల చెవిది కాదు.

లెక్క వేసి చూద్దాం

ఫీజులు గురువును బట్టి, చోటును బట్టి మారతాయి. ఆ తల్లి చెప్పిన అంకెనే తీసుకుందాం. అరగంట క్లాసుకు 500, వారానికి ఒకటి, నెలకు 2,000. పరీక్షలు, సెలవులు, పండగలు తీసేస్తే ఏడాదికి 40 క్లాసులు. అంటే 20,000 రూపాయలకు 20 గంటల పాఠం.

పిల్లవాడు ఇంట్లో సాధన చెయ్యకపోతే గంటకు వెయ్యి రూపాయలు పెట్టినట్టు. అది దండగే. వారానికి ఐదు రోజులు, రోజుకు 25 నిమిషాలు సాధన చేస్తే ఆ 40 వారాల్లో మరో 83 గంటలు కలుస్తాయి. అప్పుడు మొత్తం 103 గంటల వాద్యానికి గంటకు 200 కూడా పడదు. ఫీజు ఎక్కువా తక్కువా అన్నది గురువు చెప్పే అంకె మీద కన్నా ఇంట్లో జరిగే సాధన మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న "వీడు ఎక్కడ, ఎప్పుడు సాధన చేస్తాడు?" అని.

విమానాశ్రయం చుట్టుపక్కల ఇది చిన్న ప్రశ్న కాదు. తండ్రి నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోతాడు. పక్క పోర్షన్‌లో మరొకరిదీ అదే షిఫ్టు. రెండు గదుల ఇంట్లో ట్రంపెట్ ఊదితే గొడవే. గొట్టంలో పెట్టే ప్రాక్టీస్ మ్యూట్ శబ్దాన్ని బాగా తగ్గిస్తుంది. అంతకంటే మంచి దారి, వారం రోజులూ తాళం వేసి ఉండే చర్చి హాలు. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా దాన్ని తెరవడానికి సంఘానికి పైసా ఖర్చు లేదు.

వాయిద్యం ఖర్చు వేరు. మన దేశంలో బ్యాండు వాయిద్యాల తయారీకి పేరున్న ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885 నుంచి ఉంది. మీరట్ ట్రంపెట్ కొన్ని వేలకే దొరుకుతుంది. యమహా వంటి కంపెనీల విద్యార్థి రకానికి దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. మొదటి ఏడాదికి ఖరీదైనది అక్కర్లేదు. కానీ వాల్వులు ఇరుక్కోకుండా కదలాలి, శ్రుతి నిలవాలి. కొనే ముందు గురువు చేత ఒకసారి ఊదించి చూడండి. వాల్వు ఆయిల్, మౌత్‌పీస్ బ్రష్ చిన్న ఖర్చులే. వాటిని మరిస్తే మాత్రం రిపేరు పెద్దదవుతుంది.

వయసు సంగతీ చెప్పాలి. ముందు పళ్లు ఊడి కొత్తవి గట్టిపడ్డాక, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటాక మొదలుపెట్టడం మంచిది. ఆడపిల్లలకు బూర ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు. పైగా 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. సికింద్రాబాద్‌లో గురువు దొరికితే ఆ ప్రయాణం ఖర్చు కొడుక్కి ఉంటుంది, కూతురికి ఉండదు.

ఎన్నాళ్లు ఒంటరి పాఠం?

ఎల్లకాలం అక్కర్లేదు. ఒంటరి పాఠం విలువ మొదటి ఏడాదిలోనే ఎక్కువ, అందులోనూ మొదటి మూడు నెలల్లో. పెదవి, ఊపిరి, కూర్చునే తీరు అప్పుడే కుదురుతాయి. అవి కుదిరాక క్లాసు రెండు వారాలకు ఒకటి చేసుకోవచ్చు. ఆ తరువాత నలుగురితో కలిసి వాయించడమే పెద్ద బడి. పక్కవాడి శ్రుతి వినడం, తన వంతు వచ్చేదాకా ఆగడం ఒంటరి గదిలో రావు.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఇక్కడ పనికొస్తుంది. 1913లో న్యూ ఆర్లియన్స్‌లో పేద నల్లజాతి పిల్లవాడిగా ఆయన్ను నల్లజాతి బాలలను ఉంచే ఒక సంస్కరణ గృహానికి పంపారు. అక్కడి బ్యాండులో పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడు ఆయనకు కార్నెట్ నేర్పాడు. బయటికొచ్చాక కింగ్ ఆలివర్ అనే పెద్ద వాద్యకారుడు దగ్గరికి తీశాడు. ఆ ఇంట్లో ఫీజు కట్టే స్తోమత లేదు. కానీ బ్యాండూ దొరికింది, తన కోసం సమయం పెట్టిన గురువూ దొరికాడు. ఆ రెండూ కావాలి.

గ్రేడు పరీక్షల గురించి కూడా అడుగుతారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థలు ఇనీషియల్ నుంచి 8వ గ్రేడు దాకా పరీక్షలు పెడతాయి. లక్ష్యం ఉంటే చదివే పిల్లలకు అవి మంచివే. వాటి ఫీజు వేరే. సర్టిఫికెట్ లేకపోతే వాద్యం రానట్టు కాదు.

ఉద్యోగం మాటేమిటి? వైమానిక దళం అగ్నివీర్‌వాయు పథకంలో సంగీతకారులను తీసుకుంటుంది. శ్రుతి, లయ, వాయిద్యంపై పట్టు అన్నీ చూస్తుంది. సైన్యానికి, పోలీసులకు బ్యాండులున్నాయి. సైనిక సంగీతం నేర్పే కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. దారులు ఉన్న మాట నిజం, సీట్లు కొద్ది. ఉద్యోగం వస్తుందన్న ఆశ ఒక్కదాని మీదే ఫీజు కట్టకండి. ఒక పిల్లవాడు రోజూ 25 నిమిషాలు ఫోను పక్కన పెట్టి, తన తప్పు తానే విని దిద్దుకోవడం నేర్చుకుంటే, ఆ లాభం ఏ పనికి వెళ్లినా వాడి వెంట వస్తుంది.

ఎవరు నేర్పాలి? ఎవరు ఇవ్వాలి?

గురువు కోసం మన కళ్లు వెంటనే నగరంలోని పెద్ద అకాడమీల వైపు వెళ్తాయి. అక్కడికి వెళ్లగలిగితే మంచిదే. కానీ మన రోడ్డు మీదే, బరాత్ ముందు నడిచే బ్యాండు మాస్టర్లలో ముప్పై ఏళ్లుగా ట్రంపెట్ ఊదుతున్నవాళ్లున్నారు. కొందరికి స్వరలిపి రాకపోవచ్చు, కానీ పెదవి పట్టు, ఊపిరి, విన్న పాటను వెంటనే అందుకునే చెవి వాళ్లకు కొట్టిన పిండి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి వాళ్ల చేతిలో పని ఉండదు. ఆ నెలల్లో గౌరవంగా పిలిచి, సరైన జీతమిచ్చి పిల్లలకు నేర్పమంటే రెండు ఇళ్లకూ మేలు. గురువు ఎవరైనా ఒక జాగ్రత్త తప్పనిసరి. పాఠం తలుపులు తెరిచి ఉన్న చోట, ఒక పెద్దవారి కనుచూపులో జరగాలి.

ఇక సంఘం వంతు. గురువు శనివారం మధ్యాహ్నం మూడు గంటలు మన హాలుకే వస్తాడనుకుందాం. ఆయనకు 3,000 ఇద్దాం. గంటకు వెయ్యి, అంటే విడిగా చెప్పే క్లాసుకు ఇచ్చే లెక్కే. ఆరుగురు పిల్లలు. ఒక్కొక్కరికి 20 నిమిషాలు విడిగా, చివరి గంట అందరికీ కలిపి. అందులో సగం సంఘం భరిస్తే ఒక్కో ఇంటికి వారానికి 250 పడుతుంది. ఏడాదికి 20,000 కాస్తా 10,000 అవుతుంది. పిల్లవాడికి ఒంటరి పాఠం, బ్యాండు సాధన రెండూ దొరుకుతాయి. సంఘానికి ఏడాదికి 60,000 ఖర్చు. సౌండు బాక్సులు మార్చేటప్పుడు మనం ఇంతగా ఆలోచిస్తామా?

ఇది కొత్త ఆలోచన కాదు. 1878లో ఇంగ్లండులోని సాలిస్‌బరీలో చార్లెస్ ఫ్రై అనే మేస్త్రీ, ఆయన ముగ్గురు కొడుకులు సాల్వేషన్ ఆర్మీ వీధి సభల్లో ఇత్తడి వాయిద్యాలు వాయించారు. అక్కడ మొదలైన బ్యాండులు ప్రపంచమంతా వ్యాపించాయి. కూలి పని చేసుకునే కుటుంబాల పిల్లలు సంఘం నీడలోనే వాద్యం నేర్చుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో దేవాలయ గానానికి తర్ఫీదైనవారి సంఖ్య 288 అని ఉంది. గురువులూ శిష్యులూ అందులో కలిసే ఉన్నారు. నెహెమ్యా 13వ అధ్యాయంలో మరో సంగతి ఉంది. లేవీయులకు, గాయకులకు రావలసిన భాగాలు అందక వాళ్లు పొలాలకు వెళ్లిపోయారు. నెహెమ్యా వాళ్లను తప్పుపట్టలేదు, అధికారులను నిలదీశాడు.

మన చర్చిలో ట్రంపెట్ వినబడటం లేదంటే మనం కూడా ఆ అధికారుల వరసలోనే ఉన్నామేమో చూసుకోవాలి. ఈస్టరు ఉదయానికి అద్దె బ్యాండును పిలిచి, బేరమాడి, టీ కూడా ఇవ్వకుండా పంపిన సందర్భాలు మనకు గుర్తున్నాయి. తలాంతు దేవుడిచ్చాడని వేదిక మీద చెప్పి, దాన్ని సానబెట్టే ఖర్చు మాత్రం లోడింగ్ పని చేసే తండ్రి మీద వదిలేయడం న్యాయం కాదు.

కాబట్టి ఆ తల్లికి మన జవాబు ఇది: అవునమ్మా, గురువు పాఠానికి ఆ విలువ ఉంది. మొదటి ఏడాదికి, అదీ పిల్లవాడు రోజూ సాధన చేస్తేనే. మూడు నెలలు చూడండి. వాడంతట వాడే పెట్టె తెరుస్తుంటే కొనసాగించండి, లేకపోతే ఏ సిగ్గూ లేకుండా ఆపేయండి. అందులో సగం భారం మాది. హాలు తాళంచెవి సోమవారం నుంచి క్వాయర్ మాస్టారి దగ్గర ఉంటుంది.

ఈ చివరి రెండు మాటలు చెప్పగలిగే సంఘ కమిటీలు మనకు ఎన్ని ఉన్నాయి?