1927: రేడియో చరిత్రలో ఒక సంవత్సరము

మిరప కల్లములో తాలుకాయలు ఏరించుచు మా తాతగారు ఒక మాట తరచుగా చెప్పెడివారు: “గుంటూరు ధర గుంటూరు చేరినదాక తెలియదు, చేరిన తరువాత తెలిసియు లాభము లేదు.” రాత్రియంతయు బండి తోలి తెల్లవారుసరికి బస్తాలు దింపినవాడు, ధర నచ్చలేదని మరల ఎక్కించుకొని రాలేడు గదా! రేడియో చరిత్ర చదువునపుడెల్ల నాకా మాటయే జ్ఞాపకము వచ్చును. ఆ చరిత్రలో 1927వ సంవత్సరము మనము తెలిసికొనదగినది.

బ్రిటనులో 1922వ సంవత్సరమున రేడియో యంత్రములు చేయు వర్తకులు ఒక కంపెనీగా నేర్పడి, నవంబరు 14వ తేదీని లండను నుండి ప్రసారములు ఆరంభించిరి. పెట్టెలు అమ్ముడుపోవలెనన్న, వాటిలో వినుటకు ఏదైన నుండవలెను గదా. ఐదేండ్లు నిండకుండగనే, 1927 జనవరి 1వ తేదీని, ఆ కంపెనీ స్థానమున రాజశాసనముచే ఒక ప్రజాసంస్థ వెలసినది. దానికి అధిపతి జాన్ రీత్. రేడియో గలవారు ఏటికి పది షిల్లింగులు చెల్లించుచుండిరి. అట్టివారు అప్పటికే ఇరువది లక్షలకు మించిరి.

అదే యేట మన దేశమున జరిగినదేమి? జూలై 23వ తేదీని బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రమును వైస్రాయి ఇర్విన్ ప్రభువు ప్రారంభించెను. ఆగస్టు 26న కలకత్తా కేంద్రము తెరచిరి. బ్రిటను విడిచిపెట్టిన కంపెనీ పద్ధతినే ఇచట తలకెత్తుకొనిరన్నమాట! ఒక్కొక్క ప్రసారయంత్రము ఒకటిన్నర కిలోవాట్లది. చక్కగా వినబడునది ముప్పది మైళ్ల లోపలనే. లైసెన్సు పది రూపాయలు. అందు కంపెనీకి చేరునది ఎనిమిది. ఏడాది చివరకు దేశమంతట లైసెన్సులు నాలుగు వేలైనను నిండలేదు. ఇట్టి రాబడితో ఏ దుకాణము నిలుచును? 1930 మార్చిలో అది మూతపడగా, ఏప్రిలు 1న ప్రభుత్వము ప్రసారములను చేపట్టెను.

మదరాసులో 1924వ సంవత్సరమున సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో ఔత్సాహికులు ఒక రేడియో క్లబ్బు స్థాపించి, సొంతముగ ప్రసారములు చేసిరి. వర్తకలాభము కోరని ఆ పనియు పైకము చాలక 1927లోనే ఆగిపోయెను. వారి యంత్రముతో మదరాసు కార్పొరేషను 1930 నుండి ప్రసారములు సాగించినది గాని, నాలుగు వందల కిలోమీటర్ల దూరమున నున్న మన పత్తిచేలకు అది అందునదా?

మన సీమకు తెలుగు పలుకు చేరుటకు 1938 జూన్ 16 దాక ఆగవలసివచ్చెను. ఆనాడు ఆలిండియా రేడియో మదరాసు కేంద్రమును తెరచెను. దాని మధ్యతరంగ యంత్రము పావు కిలోవాటుది, నగరమునకే సరి. దూరపు జిల్లాలకు పది కిలోవాట్ల హ్రస్వతరంగ యంత్రమే దిక్కు. హ్రస్వతరంగములు పైకెగసి, ఆకాశమందలి విద్యుత్పొరను తాకి క్రిందికి మరలును. ఆ పొర నిలుకడగా నుండదు; కావున ధ్వనియు ఒకమారు హెచ్చి, ఒకమారు సన్నగిల్లును. పాట నడుమ గురగుర వినలేక విసిగినవారెందరో! పైగా కరెంటులేని పల్లెలో బ్యాటరీ తీరిపోయిన, పట్టణమునకు పంపవలసినదే.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. కృష్ణ దాటిన, గుంటూరి సీమయే. మధ్యతరంగములు పగలు నేలవెంట సాగివచ్చును గనుక, సమీపముననుండి వచ్చు మాట నిలుకడగా వినబడసాగెను.

నా చిన్ననాట మా పంచాయతీ అరుగుమీద ఒక రేడియో ఉండెడిది. ఒక సాయంకాలము బజారు ధరలు చదువుచుండగా తాతగారు చెవియొగ్గి విని, లేచి ఇంటికి వచ్చి, కాడికి కట్టిన ఎద్దులను విప్పించిరి.